వినేవాళ్ల వెనక ఎవరు?

ఇంటర్ ఫలితాలొచ్చిన వారం రోజులూ పేపరు తెరవాలంటే గుండె బరువెక్కుతుంది. లోపలి పేజీలో ఓ మూల పాస్‌పోర్టు సైజు ఫొటో, దాని కింద నాలుగు వాక్యాలు. అవి చదివాక ఊరుకోలేని మనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. రిటైరైన లెక్కల మాస్టారు కావచ్చు, ఎల్‌ఐసీ ఏజెంటు కావచ్చు, ఒక్కోసారి అదే దుఃఖం సొంత ఇంట్లో చవిచూసిన తల్లి కావచ్చు. "మన ఊళ్లో ఒక కౌన్సెలింగ్ సెంటర్ పెడదామండీ. మా మేడ మీద గది ఖాళీగానే ఉంది. ఫోనుంది. నలుగురం కూర్చుంటే చాలదా?" అని అడుగుతారు. ఈ ప్రసంగం వాళ్ల కోసమే. చాలదని చెప్పడానికి, ఏముంటే చాలుతుందో చెప్పడానికి.

అవసరం లేదని ఎవరూ అనలేరు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. పేపర్లో ఫొటోలు పడేది ఎక్కువగా విద్యార్థులవి. కానీ ఆ లెక్కలో నాలుగో వంతుకు పైగా రోజుకూలీలు. వాళ్ల తర్వాత పెద్ద సంఖ్య గృహిణులది. వాళ్లకు ఫలితాల వారమంటూ ఏదీ ఉండదు, ఎవరికీ గుర్తు రారు. ఊరికో కేంద్రం ఉండాలన్న కోరిక న్యాయమైనదే. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ముందు నడుస్తున్న కేంద్రంలో చేరండి. కొత్తది ఆ తర్వాత పెట్టండి. పెట్టినా ఒంటరిగా పెట్టకండి. ఇది మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి అనడం లేదు. వినే మనిషి ఎంత మంచివాడన్నదాని కంటే, ఆ మనిషి వెనక ఎవరున్నారన్న దాని మీదే ఇలాంటి కేంద్రం నిలబడుతుంది.

ఈ పని ఎలా మొదలైందో కాస్త చెప్పాలి. 1935లో ఇంగ్లండులో చాడ్ వారా అనే యువ మతాచార్యుడు తన మొట్టమొదటి అంత్యక్రియలు జరిపించాడు. చనిపోయింది పద్నాలుగేళ్ల అమ్మాయి. నెలసరి మొదలైతే అదేదో చెడ్డ జబ్బనుకుంది. అడగడానికి ఒక్క మనిషి లేక ప్రాణం తీసుకుంది. ఆ పిల్ల ఆయన మనసులోంచి పోలేదు. 1953లో లండన్ నడిబొడ్డున సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చి బాధ్యత ఆయన చేతికొచ్చింది. ఆ ఏడాది నవంబరు 2న, చనిపోవాలనుకుంటున్నవాళ్లు తనకు ఫోన్ చేయవచ్చని ప్రకటించి, ఫోను దగ్గర కూర్చున్నాడు. సలహాలు చెప్పేది తానొక్కడే అనుకున్నాడు. ఫోన్లు వచ్చాయి, మనుషులూ వచ్చారు. గది బయట వరస పెరిగింది. సాయం చేస్తామని కొందరు మామూలు మనుషులు ముందుకొస్తే, ఎదురుచూసేవాళ్లకు టీ ఇచ్చి కాసేపు పక్కన కూర్చోమన్నాడు.

అసలు సంగతి ఆ బయటి గదిలో జరిగింది. టీ తాగుతూ ఎవరితోనో మనసు విప్పి మాట్లాడుకున్నవాళ్లలో చాలామంది, లోపలికి రావలసిన అవసరం లేకుండానే తేలికపడి వెళ్లిపోతున్నారు. చాడ్ వారా అది గమనించాడు. గమనించి గర్వం అడ్డుపెట్టుకోకుండా, 1954 ఫిబ్రవరిలో వినే పనిని ఆ వలంటీర్లకే అప్పగించాడు. సమారిటన్స్ అనే సంస్థ అలా నిలదొక్కుకుంది. ఈ కథ చెప్పుకునేటప్పుడు చాలామంది ఇక్కడే ఆపేస్తారు: చూశారా, డిగ్రీలు అక్కర్లేదు, ఎవరైనా వినొచ్చు అని. కానీ ఆయన వచ్చినవాళ్లందరినీ తీసుకోలేదు. ఏరుకున్నాడు. ఏరుకున్నవాళ్లకు నియమాలు పెట్టాడు. బోధ చేయాలని, మతం మార్చాలని ఉబలాటపడేవాళ్లకు ఆ పని ఇవ్వకూడదన్నాడు, తానే మతాచార్యుడై ఉండి కూడా. 1959లో ఎడిన్‌బరోలో రెండో శాఖ వచ్చింది. 1974లో దేశాల మధ్య బిఫ్రెండర్స్ పేరుతో ఒక కూటమి ఏర్పడింది. ఒక్కో కేంద్రం తన ఊళ్లో తన భాషలో, తన డబ్బుతో నడుస్తుంది. నియమాలు మాత్రం అందరికీ ఒకటే.

మన దగ్గరకొస్తే, 1986లో చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్నేహ సంస్థను స్థాపించారు. ఆమె మానసిక వైద్యురాలు. అయినా ఫోను దగ్గర డాక్టర్లను కాక వలంటీర్లనే కూర్చోబెట్టారు. ఢిల్లీలో సుమైత్రి, కొచ్చిలో మైత్రి, కోల్‌కతాలో లైఫ్‌లైన్ ఆ దారిలోనే వచ్చాయి. 1997లో హైదరాబాద్ జంటనగరాల్లో రోష్ని మొదలైంది. తెలుగులో, హిందీలో, ఇంగ్లిషులో మాట్లాడే వలంటీర్లు అక్కడ ఉంటారు. ఇవన్నీ బిఫ్రెండర్స్ ఇండియా అనే గొడుగు కింద కలిసి ఉన్న కేంద్రాలు. ఇవి మొదలైన నాటికి ఆత్మహత్యాయత్నం భారత శిక్షాస్మృతి 309వ సెక్షన్ కింద నేరం. ఫోన్ చేసిన మనిషి "కేసు పెడతారా?" అని భయపడేవాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ఆ భయాన్ని చాలావరకు తీసేసింది. ఆ ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం వైద్యం, ఆదరణ అందించాలి అంది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షనే లేదు. ఈ సంగతి తెలియనివాళ్లు మన పల్లెల్లో ఇంకా చాలామంది ఉన్నారు. అందుకే కాస్త ఆగి చెప్పాను.

ఇక చేరడమంటే ఎలా ఉంటుందో చెబుతాను. దరఖాస్తు, ఒక ముఖాముఖి, ఆ తర్వాత శిక్షణ. శిక్షణలో ఎక్కువ భాగం ఉపన్యాసాలు కాదు, నటించి చూడటం. ఇద్దరు వీపు వీపు ఆనేలా కుర్చీలు వేసుకుని కూర్చుంటారు, ఫోనులో ముఖం కనపడదు కాబట్టి. ఒకరు ఫోన్ చేసిన కుర్రాడు, రెండోవారు వినేవారు.

"ఫిజిక్స్‌లో పోయింది మేడమ్. ఇంట్లో ఇంకా చెప్పలేదు."

"అయ్యో, దానికేముంది నాన్నా! సప్లిమెంటరీ ఉందిగా. మా పెద్దోడు కూడా ఫస్టియర్లో తప్పాడు. ఇప్పుడు బెంగళూరులో మంచి ఉద్యోగం."

కుర్రాడి వేషం వేసినాయన ఒక్క క్షణం ఊరుకుని, "సరే మేడమ్, ఉంటానండీ" అనేస్తాడు.

ఆమె చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. ప్రేమా లేకపోలేదు. కానీ ఆ కుర్రాడు అన్న రెండో మాట ఆమె చెవిన పడలేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదన్నాడు. చెబితే నాన్న కొడతాడా? కాలేజీ ఫీజుకు అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టిందా? లేక ఇంట్లో ఎవరూ ఏమీ అనరు, ఆ అనకపోవడమే తట్టుకోలేడా? మనకు తెలియదు. తెలుసుకోకుండానే ఓదార్చేశాం. మళ్లీ మొదటినుంచి చేయమంటారు శిక్షకులు. ఈసారి ఆమె, "ఇంట్లో ఇంకా చెప్పలేదన్నావు. చెప్తే ఏమవుతుందని అనిపిస్తోంది?" అని అడుగుతుంది. అడిగి ఊరుకోవాలి. ఆ ఊరుకోవడం నేర్చుకోవడానికే వారాలు పడుతుంది. మన తెలుగు ఇళ్లల్లో ఎవరైనా బాధ చెప్పుకుంటే నిశ్శబ్దంగా ఉండటం మర్యాద కాదు. ఏదో ఒకటి చెప్పాలి, ధైర్యం చెప్పాలి, మన ఇంటి ఉదాహరణ చెప్పాలి. పుట్టినప్పటినుంచి వచ్చిన అలవాటును ఫోను ఎత్తిన ఆ కాసేపు పక్కన పెట్టడం మామూలు విషయం కాదు.

అంతకంటే కష్టమైన ప్రశ్న ఒకటుంది. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగడం. కొత్తవాళ్లందరూ దీని దగ్గర తడబడతారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం. అలా జరగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలంగా చెబుతోంది. పైగా ఎన్నాళ్లనుంచో ఎవరితోనూ అనలేని మాటను ఇంకొకరు తొణకకుండా పలికితే, అవతలి మనిషి ఊపిరి తీసుకోవడం ఫోనులో వినపడుతుంది. అది విన్నవాళ్లకు ఆ ప్రశ్న ఎందుకు అడగాలో మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఫోను పెట్టేశాక ఏం జరుగుతుందో చూడండి. నా దృష్టిలో కేంద్రం విలువ తేలేది అక్కడే. గంటసేపు ఒక మనిషి చావు గురించి మాట్లాడాడు. చివరికి "మళ్లీ చేస్తానండీ" అని పెట్టేశాడు. చేస్తాడో లేదో తెలియదు. పేరు అడగలేదు, అడగకూడదు. విన్న మనిషి చేతిలో రిసీవరు అలాగే ఉంటుంది. ఒంటరిగా మేడ మీద గదిలో కూర్చుని ఉంటే, ఆ మనిషి ఏం చేస్తాడు? లైటార్పి ఇంటికెళతాడు, అన్నం సహించదు, తెల్లారి పేపర్లో జిల్లా పేజీ వెతుకుతాడు. మంచి కేంద్రంలో అలా వదిలిపెట్టరు. షిఫ్టులో రెండో మనిషి కచ్చితంగా ఉంటారు. "కాసేపు ఫోను నేను చూస్తాలెండి, మీరు చెప్పండి" అంటారు. ఆ కాల్‌లో ఏం విన్నారు, ఎక్కడ ఇబ్బందిపడ్డారు, మీకేమనిపిస్తోంది అని అడుగుతారు. రిజిస్టరులో పేర్లు లేకుండా నాలుగు ముక్కలు రాసుకుంటారు. షిఫ్టు అయిపోయాక ఆ రోజు బాధ్యత ఉన్న సీనియర్‌కు ఫోన్ చేసి మొత్తం చెప్పి, ఆ బరువు అక్కడ దించి ఇంటికెళతారు. ఇంట్లో భర్తకో భార్యకో చెప్పకూడదు కాబట్టి, చెప్పుకునే చోటు కేంద్రంలోనే ఉండి తీరాలి. ఈ ఒక్క ఏర్పాటు లేని కేంద్రం ఎంత మంచి ఉద్దేశంతో పెట్టినా సరే, నేనైతే ఎవరినీ అందులో చేరమని చెప్పను.

సొంత ఇంట్లో ఆత్మహత్య చూసినవాళ్లు ఈ పని చేయవచ్చా అని అడుగుతుంటారు. తప్పకుండా చేయవచ్చు. వాళ్లలో చాలా గొప్పగా వినేవాళ్లుంటారు. కానీ గాయం పచ్చిగా ఉన్నప్పుడు కాదు. అవతలి గొంతులో మన బిడ్డే వినిపిస్తే, ఆ బిడ్డను ఎలాగైనా కాపాడాలన్న ఆత్రం ఫోన్ చేసిన మనిషిని ఊపిరాడనివ్వదు. ముందు మీ దుఃఖం విననివ్వండి మమ్మల్ని, అని చెప్పగలిగే కేంద్రం దొరికితే దానికి వెళ్లండి.

చిన్న ఊళ్లలో ఇంకో చిక్కుంది. దీని గురించి నగరాల్లో ఉన్నవాళ్లకు తట్టదు. మనకు గొంతులు తెలుసు. ఇంటిపేర్లు తెలుసు. "మీరు ఫలానా వీధిలో ఉంటారు కదూ" అని వలంటీరు నోట ఒక్క మాట జారితే చాలు, ఆ ఊళ్లో ఆ కేంద్రానికి మళ్లీ ఎవరూ ఫోన్ చేయరు. జారకపోయినా, జారుతుందేమోనన్న అనుమానం ఉంటేనే చేయరు. అందుకే జిల్లాల్లో కేంద్రాలు రావాలంటే ఒకదానితో ఒకటి కలిసి ఉండటం మేలని నా అభిప్రాయం. నల్గొండ మనిషి చేసిన ఫోను కర్నూలులో ఎవరో ఎత్తుకునేలా, కర్నూలు మనిషిది శ్రీకాకుళంలో ఎత్తుకునేలా ఏర్పాటు చేసుకోవచ్చు. ఇప్పటి ఫోన్లతో అదేమీ కష్టం కాదు. యాసలు వేరైనా భాష ఒకటే. ముక్కూ మొహం తెలియనివాళ్లకు చెప్పుకోవడంలో ఉన్న సుఖం పక్కింటివాళ్లకు చెప్పుకోవడంలో ఉండదు.

గోప్యతకు హద్దులు కూడా ముందే రాసిపెట్టుకోవాలి. ఫోన్ చేసింది మైనరై, లైంగిక దాడి గురించి చెబితే, పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఆ విషయం పోలీసులకు తెలియజేయాల్సిందే. కొత్తగా పెట్టినవాళ్లకు ఆ రోజు వచ్చేదాకా ఈ సంగతి తెలియకపోవచ్చు. పాతికేళ్లుగా నడుస్తున్న కేంద్రం దగ్గర దీనికో పద్ధతుంటుంది: ఎప్పుడు చెప్పాలి, ఎవరు చెప్పాలి, పిల్లకు ముందే ఏమని చెప్పాలి. భర్త కొడుతున్నాడని చెప్పిన ఆడమనిషితో "సర్దుకుపోమ్మా, పిల్లల ముఖం చూసి" అనే కౌన్సెలింగ్ మన సమాజంలో కావలసినంత ఉంది. కొత్తగా ఇంకో బోర్డు కట్టి అదే చెప్పనక్కర్లేదు. 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది, సఖి కేంద్రాలున్నాయి. అక్కడి మనుషులతో ముందే పరిచయం పెట్టుకుని, ఆమె సరేనంటే ఆమెను వాళ్లకు జాగ్రత్తగా అందించడం మన పని.

అలాగే వైద్యం. వలంటీరు డాక్టరు కాదు. కొందరికి వినే మనిషితో పాటు మందులూ కావాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి అన్నా, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రి అన్నా ఇప్పటికీ జనం ఆ పేర్లకే బెదురుతారు. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యులు ఏ రోజు ఉంటారు, ఓపీ ఎన్ని గంటలకు, ఏ గది, చీటీ ఎక్కడ తీసుకోవాలి అన్నది మీ దగ్గర కచ్చితంగా ఉంటే, "డాక్టర్‌కి చూపించుకోండి" అనే పొడి మాట నిజమైన సాయమవుతుంది. వికారాబాద్ జిల్లాలో కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ నడిపినవాళ్లు రైతుల విషయంలో ఈ పనే చేశారు. రైతు బాధ వినడంతో ఆగలేదు. పట్టా పాసుపుస్తకం రాకపోతే రెవెన్యూ ఆఫీసుతో, అప్పు అయితే బ్యాంకుతో మాట్లాడేందుకు జిల్లా యంత్రాంగంతో కలిసి పనిచేశారు. పాసుపుస్తకం రాని మనిషికి ఓదార్పు ఒక్కటే సరిపోదు మరి.

కేంద్రాలు కలిసి ఉండటం వల్ల ఇంకో పెద్ద మేలుంది. ఏళ్ల తరబడి వచ్చిన ఫోన్లలో ఒకే బాధ మళ్లీ మళ్లీ వినపడితే, అది ఒక మనిషి బాధ కాదు, వ్యవస్థలో ఉన్న లోపమని తెలుస్తుంది. పరీక్ష తప్పిన పిల్లలు ఏడాదంతా ఆగాల్సి రావడం స్నేహకు అలాగే కనిపించింది. ఏడాది వృథా కాకుండా వెంటనే మళ్లీ రాసే వీలు తమిళనాడులో రావడం వెనక వాళ్ల పట్టుదల ఉంది. కడలూరు జిల్లా కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర పల్లెల్లో, పురుగుమందులు ఇళ్లల్లో ఉంచకుండా ఊరి మధ్య తాళం వేసిన అరల్లో దాచే ఏర్పాటు కూడా వాళ్లు చేసి చూశారు. ఫోను దగ్గర కూర్చున్న మనుషులు ఒకరికొకరు చెప్పుకోబట్టే ఇవి బయటపడ్డాయి.

ఇంత విన్నాక కూడా మా ఊళ్లో పెట్టాలనే ఉందంటే, పెట్టండి. ముందు లెక్క చూసుకోండి. రోజుకు ఎనిమిది గంటలు తెరిచి ఉంచాలంటే నాలుగు గంటల షిఫ్టులు రెండు. షిఫ్టుకు ఇద్దరు. రోజుకు నలుగురు, వారానికి 28 మంది. పెళ్లిళ్లు, పరీక్షలు, జ్వరాలు, పండగలు అన్నీ కలుపుకుంటే 40 మందికి శిక్షణ ఇస్తేగాని 28 మంది నిలవరు. నలుగురితో మొదలుపెట్టినవాళ్లు మూడో నెలలో ఫోను ఎత్తలేక, ఎత్తనందుకు నలిగిపోతూ ఉంటారు. రాత్రి ధైర్యం కూడదీసుకుని చేసిన ఫోను మోగి మోగి ఆగిపోతే, చేసిన మనిషికి అదే జవాబైపోతుంది. కాబట్టి 24 గంటలని బోర్డు పెట్టకండి. సాయంత్రం నాలుగు గంటలే తెరవండి, కానీ ఆ నాలుగు గంటలూ ఉండండి.

మీలో ఇద్దరు ముగ్గురు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో నడుస్తున్న కేంద్రంలో ఏడాదిపాటు వలంటీర్లుగా చేయండి. దూరమైతే శిక్షణకైనా వెళ్లండి. తర్వాత ఆ కేంద్రంవాళ్లను మీ ఊరికి పిలిచి మొదటి జట్టుకు శిక్షణ ఇప్పించుకోండి. సొసైటీ రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో అవుతుంది. అది పెద్ద పని కాదు. బిఫ్రెండర్స్ కూటమిలో చేర్చుకునే ముందు అక్కడివాళ్లు మీ పద్ధతులు చూస్తారు, కొన్నాళ్లు గమనిస్తారు. ఆ ఆలస్యానికి చికాకుపడకండి. డబ్బు విషయంలో ఒకే మాట: వలంటీర్లకు జీతం ఉండదు కానీ, కేంద్రాన్ని కనిపెట్టుకుని ఉండే ఒక్క మనిషికి జీతం ఇవ్వండి. అద్దె, ఫోను, ఆ జీతం, ఈ మూడూ రెండేళ్లకు సరిపడా దాతలు మాటిచ్చాకే ప్రారంభోత్సవం పెట్టుకోండి. ఆ రోజు వచ్చిన నాయకుల ఫొటోల కంటే, ఆటోల వెనక, బస్టాండులో, కాలేజీ హాస్టల్ నోటీసు బోర్డు మీద మీ నంబరు కనపడటం ముఖ్యం.

మీ కేంద్రం తయారయ్యేలోపు, లేదా ఈ రాత్రే, ఎవరికైనా మాట్లాడాలనిపిస్తే దారి ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ హెల్ప్‌లైన్ ప్రారంభించింది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. రేడియో పక్కన కాగితం ఉంటే రాసుకోండి, మీకోసం కాకపోతే మీ ఇంట్లో ఎవరికోసమైనా. నంబరు 14416. మళ్లీ చెబుతున్నాను: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.